రాని బస్సుకు కొట్టిన కొబ్బరికాయ

పేపర్ సారు పోయిండని పోయిన వారం ఫోన్ వచ్చింది. అప్పుడు నేను మహబూబాబాద్‌ల మా పేపర్ ఆఫీసుల కూసోని మిర్చి ధరల వార్త దిద్దుతున్న. ఫోన్ చేసింది మా తమ్ముడు. "అక్కా, సారు పోయిండే. జనగామ దవాఖానల. సాయంత్రం ఊర్ల దహనం చేస్తరట" అన్నడు.

"నువ్వు చూసినవా?" అన్న.

అన్నంక నాకే సిగ్గయింది. అది సారు మాట. ఎవరేం చెప్పినా ముందుగాల అదే అడిగేటోడు. రఘునాథపల్లిల వాన కొట్టిందని ఎవరన్నా అంటే, "నువ్వు తడిసినవా, విన్నవా?" అనేటోడు. "చూసిన అక్కా" అన్నడు. నేను మిర్చి ధరలు పూర్తిచేసి రైలెక్కిన.

మాది లింగాల ఘనపూర్ దిక్కు ఊరు. సారుది మా ఇంటికి నాలుగిండ్ల అవుతల. రెండెకరాల చెలక, ఒక సైకిలు, అంగి జేబుల రెండు పెన్నులు. బడిల చెప్పినోడు కాదు. మా దిక్కు వార్తలు ఒక పేపర్‌కు రాసేటోడు, అందుకే ఊరంతా పేపర్ సారు అన్నది. నువ్వు చూసినవా అని అడుగుడు ఆయనకు పుట్టుకతోని వచ్చింది కాదు. ఒక్కనాటి పేపర్‌తోని వచ్చింది. ఆ పేపర్ నా దగ్గర ఇప్పటికీ ఉన్నది, మడతల కాడ చినిగింది.

ఆనాటి పేజీల మా దిక్కువి నాలుగు వార్తలున్నయి. పక్క ఊరి చెరువు నిండి మత్తడి దుంకింది. బావిల పడ్డ ఎద్దును తాళ్లు కట్టి తీసిండ్రు. ఒకాయన పొట్టేలు తప్పిపోయింది, ఎడమ చెవికి కత్తెర గుర్తు ఉన్నదట. ఈ మూడు నిజమే. నాలుగోది అన్నిటికంటె పెద్దక్షరాలల్ల ఉన్నది. మా ఊరికి బస్సొచ్చిందట. మేళతాళాల నడుమ కొబ్బరికాయ కొట్టారట, మహిళలు మంగళహారతులు పట్టారట. "ఇక నా చదువు ఆగదంటూ ఓ విద్యార్థిని ఆనందబాష్పాలు రాల్చింది" అని ఆఖరి లైను.

బస్సు రాలేదు. ఆ విద్యార్థిని నేనే.

అసలు సంగతేందంటే, అప్పట్ల వార్తలు కవర్ల పెట్టి బస్సు కండక్టర్ చేతికిచ్చేది. హన్మకొండ బస్టాండుల పేపరోళ్లు తీసుకునేది. సారు సైకిలు తొక్కుకుంట రోడ్డు మీదికి పోయి మూడు గంటల బస్సుకు కవరు అందియ్యాలె. మీటింగులేమో నాలుగు గంటలకు. అందుకని అందరు విలేకరులు జరగబోయేది జరిగినట్టే రాసి పంపేది. అట్ల ఎన్నో జరిగినయి, ఎవలకూ ఏం కాలేదు. మా ఊరికి నాలుగింటికి మొదటి బస్సు రావాల్సిన నాడు పొద్దున్నే సారు మా ఇంటికొచ్చి "బిడ్డా, బస్సొస్తే ఏమంటవు?" అని అడిగిండు. "ఎక్కుత" అన్న. గదే పేపర్ల బాష్పాలయింది.

మూడున్నరకు వాన దంచింది. ఊరి బయట కల్వర్టు కొట్టుకపోయింది. అవుతలి గడ్డదాకా వచ్చిన బస్సు అటే మర్లిపోయింది. కొబ్బరికాయ సర్పంచ్ ఇంట్లనే ఉన్నది, రెండు దినాలైనంక పచ్చడి నూరుకున్నరు. వార్త ఆపుమని హన్మకొండకు చెప్తమంటే వానకు ఫోన్లు బందు.

తెల్లారి పేపర్ చూసి పక్క తండాల నుంచి సుత జనం మూటలు పట్టుకోని వచ్చిండ్రు. సారు తల వంచుకోని నిలబడ్డడు.

"కొడుకా, బస్సేది?" అని ఒక అవ్వ అడిగింది.

"వస్తదవ్వా."

"నిన్న వచ్చిందంటివి గదా."

అందరు నవ్విండ్రు. నాకు నవ్వు రాలేదు. జనగామ కాలేజీల సీటొచ్చింది గని నాయిన ఒకటే మాట మీదున్నడు: "బస్సొస్తే కాలేజీకి పో, లేకుంటే కలుపుకు పో." నెలలోపట రాకుంటే పేరు కొట్టేస్తమని కాలేజోళ్లు అన్నరు.

ఊరోళ్లు ట్రాక్టర్లు పెట్టి మొరం పోసి నాలుగు దినాలల్ల కల్వర్టు సాపు చేసిండ్రు. బస్సు మాత్రం రాలేదు. ఊరోళ్లు సారును తీసుకోని బస్సు డిపోకు పోతే ఆడున్న ఆఫీసర్ ఒక ఫైలు తెరిచి, అండ్ల అంటించిన పేపర్ ముక్క చూపెట్టిండు. "మీ బస్సు నడుస్తనే ఉన్నదని మీరే రాసిండ్రు గద. నేను పైకి సుత పంపిన. నడిచే బస్సును మళ్ల ఎట్ల నడపాలె?" అన్నడు.

ఆ సాయంత్రం సారు మా ఇంటికొచ్చి, పేపర్‌కు పంపబోయే కాయితం తీసి నాయిన ముంగట చదివిండు. "ఈ ఊరికి బస్సు వచ్చిందని రాసింది నేనే. బస్సు రాలేదు. చూడకముందే రాసిన తప్పు నాది. ఆ విద్యార్థిని ఏడ్వలేదు, నవ్వలేదు. ఇంకా ఇంట్లనే ఉన్నది."

నాయిన చాన సేపు బీడీ కాల్చిండు. "గిది పంపితే నిన్ను ఉంచుకుంటరా?" అన్నడు.

"ఉంచుకోరు."

"మరెందుకు?"

"పిల్ల కాలేజీకి పోవాలె గద."

అది పేపర్ల ఒక మూలకు చిన్నగ అచ్చయింది. పేపరోళ్లు సారును ఏడాదిదాకా పక్కకు పెట్టిండ్రు. అది అచ్చయిన తొమ్మిదో దినం బస్సు వచ్చింది, కాలేజీల నా పేరు నిలిచింది. ఆ బస్సు వార్త వేరే ఊరి విలేకరి రాసిండు. సారు కొబ్బరికాయ కొట్టేదాకా జనం ఎనుక నిలబడి చూసి, సైకిలెక్కి చెలకకు పోయిండు. ఆయనకు నేను ఎన్నడూ థ్యాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సి ఉండె. ఆ బాకీ నాకు మిగిలింది.

పోయిన వారం రైలు దిగి నేను ఊరికి చేరేసరికి పగటీలి రెండు దాటింది. సారును వాకిట్ల పండవెట్టిండ్రు, అంగి జేబుల రెండు పెన్నులు ఎవరో పెట్టిండ్రు. మూడు గంటలకు ఆఫీసు నుంచి మా పేజీలు చూసేటాయన ఫోన్. ఇప్పటి పేజీలు అచ్చుకు ఇంకా తొందరగ పోతయి.

"అంత్యక్రియలు ముగిశాయని నాలుగు లైన్లు కొట్టి పంపమ్మా. రేపటికి పాతదైతది."

"ఇంకా ఇంట్లనే ఉన్నడు సార్" అన్న.

"ఎట్లయినా సాయంత్రం చేస్తరు గదమ్మా."

"చేసినంక పంపుత" అని ఫోన్ పెట్టేసిన. తెల్లారి పేపర్ల ఆయన వార్త రాలేదు.

పాడె లేసింది. కల్వర్టు కాడికి పోయేసరికి అవుతలి నుంచి ఐదు గంటల బస్సు వచ్చింది. డ్రైవర్ గడ్డ మీదనే ఆపి ఇంజిన్ బందు చేసిండు. కండక్టర్ కిందికి దిగిండు. బ్యాగులేసుకున్న కాలేజీ పిల్లలు కిటికీలల్ల నుంచి చూసిండ్రు. డప్పులు, పాడె, మేము దాటిపోయేదాకా బస్సు కదలలేదు.

ఇది చూసినంకనే రాస్తున్న, సారు.