రోజుకో అంగుళం ఎదుగుదల

ఆ రోజుల్లో మనిషి ఎదగాలంటే ఒక నోటుబుక్కూ, ఒక గురువూ ఉంటే చాలునని నమ్మినవాళ్ళలో నాకంటే వెర్రివాడు ఏలూరులో ఇంకొకడు ఉండడని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. (అప్పుడే చెప్పి ఉంటే ఆ మాట కూడా గురువుగారి సంతకానికి వెళ్ళేది.) ఖద్దరు టోపీ కనపడితే ఆఫీసు కిటికీలు మూసుకునే కాలమది. ఇంజనీరింగు బడిలో సర్టిఫికెట్టు పుచ్చుకుని నేను ఏలూరు కాలవల ఆఫీసులో అప్రెంటిసుగా చేరాను. ఏడాది తిరిగేసరికి పైవాళ్ళు ‘పనికివస్తాడు’ అని రాస్తే ఓవర్సీరు ఉద్యోగం ఖాయం. ‘పనికిరాడు’ అని రాస్తే తాడేపల్లిగూడెంలో మేనమామగారి బియ్యం మిల్లు. ఆయన ప్రతి ఉత్తరంలోనూ "నీకోసం ఊక గది పక్కన కుర్చీ వేయించానురా అబ్బాయీ" అని ఆప్యాయంగా రాసేవారు. ఆ ఆప్యాయత తలచుకుంటేనే నాకు తుమ్ములు వచ్చేవి.

నా పైనున్న సూపర్‌వైజరుగారిని ఆఫీసంతా గురువుగారనే పిలిచేది, అలా పిలవమని ఆయనే చెప్పారు కనక. కుర్రవాళ్ళను పైకి తేవడం ఆయనకు పొడుం పీల్చడం లాంటి అలవాటు. ప్రతి సోమవారం నేను ఆయన బల్ల ముందు నిలబడి ‘లక్ష్యాల పుస్తకం’ పైకి చదవాలి. ఈ వారం ఏం నేర్చుకుంటాను, ఈ ఏడు ఏమవుతాను, ఐదేళ్ళకు ఎక్కడుంటాను. ఆయన కళ్ళు మూసుకుని విని ‘చూచితిని’ అని సంతకం పెట్టేవారు (కళ్ళు మూసుకునే). వారమంతా నేను నిజంగా నేర్చుకునేది మాత్రం, గొడుగు ఎంత వాలుగా పడితే గురువుగారి మీద ఎండ పడదో, ఆ విద్య.

ఒక సోమవారం ఆయన పెదవి విరిచారు. "నీ లక్ష్యాలు మరీ మరుగుజ్జుగా ఉన్నాయోయ్! పెద్దగా కోరుకో. భయమెందుకు?"

భయమెందుకని నేనూ అనుకున్నాను. పై సోమవారం, "మూడేళ్ళలో గురువుగారి కుర్చీలో కూర్చుంటాను" అని రాసుకొచ్చి గట్టిగా చదివాను. గురువుగారు కళ్ళు తెరిచారు. ఆ బల్ల దగ్గర ఆయన కళ్ళ రంగు నాకు తెలియడం అదే మొదలు.

"బాగుందోయ్, చాలా బాగుంది. అయితే నీకు ఫీల్డు అనుభవం తక్కువ. రేపటినుంచి కొల్లేరు."

అలా నా ఉన్నతి ఆకివీడు వైపు, మోకాలు లోతు నీళ్ళలో మొదలైంది. సరస్సులో పాతిన ఒక చెక్క మీద అడుగులూ అంగుళాలూ గీసి ఉంటాయి. దాన్ని గేజి అంటారు. పొద్దునొకసారీ, సాయంత్రమొకసారీ తాటిదోనెలో వెళ్ళి నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో రాసుకురావాలి. దోనె నడిపే పెద్దాయన చేపలు పట్టి బతికే మనిషి. నేను ఆయన్ని తాత అనేవాణ్ణి. వాన చుక్క లేకుండానే సాయంత్రానికి నీళ్ళు నాలుగంగుళాలు ఎక్కడం, తెల్లారేసరికి దిగిపోవడం చూసి నా కళ్ళు చెడిపోయాయనుకున్నాను.

"కళ్ళకేం కాలేదు బాబూ," అన్నాడు తాత. "మజ్జాన్నం పడమటి గాలి తోసిందంటే కొల్లేరంతా ఇటేపు ఒరుగుద్దండి. గాలి పడిపోతే మళ్ళీ సర్దుకుంటది. నీరు పెరగటం వేరు, పక్కకి ఒత్తిగిలటం వేరు."

నేను ఎక్కిందీ, దిగిందీ, గాలితో సహా రాసి ఏలూరు పంపాను. గురువుగారికి అది నచ్చలేదు. "పొద్దున దిగడం, సాయంత్రం ఎక్కడం! ఇదేం నిలకడోయ్? ఎదుగుదల అనేది క్రమంగా ఉండాలి," అని జాబు రాసి, నా అంకెలన్నీ చక్కదిద్ది, కొల్లేరు రోజుకో అంగుళం చొప్పున బుద్ధిగా పెరుగుతున్నట్టు శుద్ధప్రతి తయారుచేసి, కింద నా పేరు పెట్టి పైకి పంపారు. (కుర్రవాడికి పేరు రావాలని ఆయన తాపత్రయం.)

పక్షం రోజులుగా వాన లేని సరస్సు రోజూ ఇలా ఎదుగుతుంటే పెద్ద ఇంజనీరుగారికి అనుమానం రాదూ? గురువుగారిని వెంటబెట్టుకుని ఆకివీడులో దిగారు. "ఇతన్ని ఖాయం చేసే కాగితం నా బల్లమీదే ఉంది. ఈ అంకెలేమిటి?" అన్నారు.

"కుర్రతనమండీ," అన్నారు గురువుగారు నా వంక జాలిగా చూస్తూ. "నేను ఎంత తీర్చిదిద్దినా..."

ఆ తీర్చిదిద్దిన మాట అక్షరాలా నిజం. ఊక గది పక్క కుర్చీ కళ్ళ ముందు కదిలింది. గేజి దగ్గర అంకెలు రాసుకునే నా జేబు పుస్తకం తీసి పెద్ద ఇంజనీరుగారికి ఇచ్చాను. కొల్లేటి తడికి ఉబ్బిపోయిన ఆ పుస్తకాన్నీ, శుద్ధప్రతినీ ఆయన పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"గాలికి సరస్సు కదులుతుందా?"

"కూకోండి బాబుగారూ, మజ్జాన్నం దాకా. సరస్సే చెప్పుద్ది," అన్నాడు తాత.

కూర్చున్నారు. రెండు దాటాక గాలి లేచింది. నీళ్ళు ఒక గీత మింగాయి, మరో గీత మింగాయి. నాలుగో గీత దగ్గర పెద్ద ఇంజనీరుగారు టోపీ తీసి, "శుద్ధప్రతి ఎవరు రాశారో నేను అడగను. దస్తూరీ నాకు తెలుసు," అని, నావైపు తిరిగి "నీకు ఇదంతా నేర్పిందెవరు?" అన్నారు. గురువుగారు అలవాటు కొద్దీ ఉత్తరీయం సర్దుకుని ఒకడుగు ముందుకు వేశారు.

"ఈ తాతేనండీ," అన్నాను.

నా ఉద్యోగం ఖాయమైంది. నెల తిరక్కుండా తాత పేర ఇంగ్లీషులో ఒక ఆఫీసు ఉత్తరం వచ్చింది. అప్రెంటిసుకు తర్ఫీదు ఇచ్చినందుకు కృతజ్ఞతలు, ఇది సూపర్‌వైజరు స్వయంగా అందజేసి చదివి వినిపించవలెను అని. గురువుగారు తాటిదోనెలో రెండు అంచులూ పట్టుకుని తాత గుడిసె దాకా వచ్చారు. దిగగానే ఉత్తరం నా చేతిలో పెట్టి, "నువ్వు చదువోయ్," అన్నారు.

"నా ఇంగ్లీషు ఇంకా అంత ఎదగలేదండీ. తమరే చదివి, తెలుగులో కూడా చెప్పాలి."

ఆయన చదివారు. తాత చేతులు కట్టుకుని విని, "ఏవండీ, మా ఆడోళ్ళు వలల కాడున్నారు. ఆళ్ళొచ్చాక ఇంకోపాలి చదువుతారా అండి?" అన్నాడు. ఆడవాళ్ళొచ్చాక ఇంకోసారి చదివారు. అప్పుడు నేను, పక్క గుడిసెలవాళ్ళు పాపం వినలేదండీ అని గుర్తుచేశాను.

ఇన్నేళ్ళకు ఆ ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి తలచుకుంటే కాస్త మందలించాలనిపిస్తుంది. మూడోసారి చదివించడం మరీ ఎక్కువ. రెండోసారి మాత్రం అవసరమే.