సర్వర్ గది తలుపు

ఈ మాట ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చునే ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. రేపు మా ఇంటికి భోజనానికి రారు.

అవి వైటూకే రోజులు. సంవత్సరం మారగానే కంప్యూటర్లన్నీ పడకేస్తాయన్న భయమే మాలాంటివాళ్లకు అన్నం పెట్టింది. నన్నూ, కడప నుంచి వచ్చిన ఖలీల్ భాయ్‌నీ సముద్రం దాటించి డార్విన్ అనే ఊళ్లో ఒక ఆఫీసుకు కాంట్రాక్టు మీద పంపారు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. వంట ఆయనది, అంట్లు నావి. నాకంటే ఆరేళ్లు పెద్ద. భార్యకూ నాలుగేళ్ల కూతురికీ వీసాలు వచ్చేశాయి, జనవరిలో దిగుతారు. ఈ ఉక్కలో పాప తట్టుకోలేదని, గాలి ఊది నీళ్లు పోసే ప్లాస్టిక్ తొట్టి ఒకటి ముందే కొని అల్మారాలో దాచాడు.

ఉక్క అంటే ఏమిటో నాకు డార్విన్ నేర్పింది. బెజవాడ ఎండలు తిన్నవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను. ఎండ వేరు, ఇది వేరు. వానలకు ముందు రెండు మూడు నెలలు రోజూ మబ్బులు కమ్ముకుంటాయి, కురవవు. స్నానం చేసి తువ్వాలు పక్కన పెట్టేలోపే మళ్లీ చెమట. వీపంతా చెమటకాయలు. ఆ నెలల్లో మనుషులకు పిచ్చెక్కుతుందని అక్కడివాళ్లే నవ్వుతూ అంటారు. ఆ మాట వెనక చాలా ఏళ్లు దాక్కున్నాను. పిచ్చెక్కి చేశానా నేను? లేదు. తెలిసే చేశాను.

మమ్మల్ని ఆఫీసు వెనక రేకుల గదిలో కూర్చోబెట్టారు. అక్కడి ఏసీ చప్పుడు తప్ప చల్లదనం ఇచ్చేది కాదు. పక్కనే సర్వర్ గది. లోపల స్వెట్టర్ వేసుకోవాల్సినంత చలి. నా కుర్చీ సరిగ్గా ఆ తలుపు పక్కన. పాత ప్రింటౌట్ల కట్ట ఒకటి తలుపు సందులో పెట్టేవాణ్ణి. చల్లగాలి నా వీపుకు తగిలేది. ఎవరైనా వస్తున్న అడుగులు వినిపిస్తే కట్టను కాలితో లాగేసేవాణ్ణి. బయటి చెమ్మగాలి లోపలికి పోకూడదని అందరికీ చెప్పారు. నాకూ చెప్పారు.

ఖలీల్ భాయ్ మధ్యాహ్నం పది నిమిషాలు ఆ సర్వర్ గదిలోనే ఒక మూల నమాజు చేసుకునేవాడు. మేనేజర్‌ని అడిగే చేసేవాడు. మేనేజర్ ఒప్పుకున్నాడు గానీ, వెనకాల విసుక్కునేవాడు. ఆ విసుగు నా చెవులతో విన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు ఆయన నమాజు ముగించి తలుపు వేసి, వేరే బిల్డింగులో మీటింగుకు వెళ్లాడు. నేను కట్ట పెట్టాను. తర్వాత భోజనానికి పోయాను, కట్ట తీయకుండా. గంటన్నరకు వచ్చి చూస్తే లోపల యంత్రాల మీద నీళ్లు చెమర్చి కారుతున్నాయి. ఒకటి ఆగిపోయింది. వారం రోజులుగా నడుపుతున్న పరీక్షలన్నీ పోయాయి. నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? కట్ట లాగి, తలుపు మూసి, కట్టను నా బల్ల కిందకు నెట్టాను. ఆ తర్వాతే ఇంకొకరిని పిలిచాను.

తలుపు చాలాసేపు తెరిచి ఉందని మెకానిక్ తేల్చాడు. మేనేజర్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఆర్వోలో ఆ రూమ్‌లోకి ఎవరెళ్తారు?" మధ్యాహ్నాన్ని అక్కడివాళ్లు ఆర్వో అంటారు.

"ఖలీల్. ఎవ్రీ డే," అన్నాను.

అంతే. అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నా తెలివి. ఆయన పేరు చెబితే ఇంకో ప్రశ్న ఉండదని నాకు తెలుసు.

మర్నాటికి ఆయన కాంట్రాక్టు పోయింది. ఉద్యోగం లేకపోతే వీసా లేదు. నెల తిరక్కుండా దేశం విడిచి వెళ్లాలి. ఇంట్లో పెట్టె సర్దుకుంటూ ఆయనే నన్ను ఓదార్చాడు.

"నేనే తలుపు సరిగ్గా ఏసుండనేమోబ్బా. మీటింగుందని బిరీన వచ్చేసినా. నువ్వేం దిగులు పడాకు."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు తెరిచి "నేను, భాయ్" అంటే ఏమయ్యేది? నన్ను పంపేసేవాళ్లు. నాకు అప్పటికి పెళ్లి లేదు, పిల్లలు లేరు, విమానమెక్కి నా దగ్గరికి రావాలని ఎదురుచూసేవాళ్లు లేరు. అయినా తలొంచుకుని ఆయన చొక్కాలు మడతపెట్టాను. ఛీ.

వెళ్తూ వెళ్తూ అల్మారాలోంచి ఆ తొట్టి తీసి నా చేతిలో పెట్టాడు. "దీన్ని యాడ మోసుకపోతా. రేపు నీకు పిల్లలైతే ఆడుకుంటారులే."

ఆడుకున్నారు. నేను ఈ దేశంలోనే స్థిరపడ్డాను. నా కూతురు మూడు వేసవులు ఆ తొట్టిలో కేరింతలు కొట్టింది. "డాడీ, కమ్ ఇన్!" అని పిలిచేది. ఒక్కసారీ ఆ నీళ్లలో కాలు పెట్టలేదు. నాన్నకు నీళ్లంటే భయమని పిల్ల ఇప్పటికీ నమ్ముతుంది.

ఖలీల్ భాయ్ ఫోన్ నంబరు నా దగ్గరుంది. చేయలేదు. చేస్తే మంచిమాటే మాట్లాడతాడు, అది వినే ముఖం నాకు లేదు. తన తొందరే కొంప ముంచిందని ఆయన ఇన్నేళ్లూ తనను తాను తిట్టుకుంటూ ఉండొచ్చు. నిద్రపోయే ముందు ఆ తలుపు వేశానా లేదా అని గుర్తుచేసుకుంటూ ఉండొచ్చు. ఆ ఆలోచనే నన్ను తినేస్తోంది.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది.

ఖలీల్ భాయ్ ఆ రోజు తలుపు సరిగ్గానే వేశాడు. తీసింది నేను.