గడపకు వేసిన అతుకు

సిద్దిపేటలో మల్లేశం దర్వాజ కావాలంటే ముందుగానే చెప్పుకోవాలి. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. వడ్రంగం మాత్రం మేనమామ పక్కన నిలబడి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నాడు. పాడైన చెక్క కంటబడితే సరిచేయకుండా ఉండలేడు. పెండ్లికి పోయినా కూర్చున్న కుర్చీ ఊగితే వంగి దాని కాళ్లు చూస్తాడని భార్య స్వరాజ్యం ఎగతాళి చేస్తుంది.

జగదేవ్‌పూర్ వీరయ్య కొత్తింటికి గడపతో సహా టేకు దర్వాజ చేసి షెడ్డులో గోడవారగా పడుకోబెట్టాడు. ఆ గోడ పొరుగింటి గజేందర్‌తో ఉమ్మడి, అవతల వాళ్ల బాత్రూం. ఒకరోజు దర్వాజను తిప్పి చూస్తే గోడకు ఆనిన గడప జానెడు మేర నల్లబడి, గోరు దిగేంత మెత్తబడింది. గోడ పైకి పొడిగానే ఉంది. లోపలి పైపు ఎక్కడో కారి, నీళ్లు అడుగున ఊరుతున్నట్టుంది.

గజేందర్ ఒప్పుకోలేదు. కట్టె పచ్చిదని, పైపు కోసం టైల్స్ పగలగొట్టనని అన్నాడు. గోడ బాగుపడకపోతే షెడ్డు వదులుకోవడం తప్ప మల్లేశానికి దారి లేదు. వకీలు సింధుజ నోటీసు పంపి, ఆ తర్వాత కేసు వేసింది. కోర్టు ఒక వకీలును కమిషనర్‌గా వేసి, గోడను, దర్వాజను చూసి రమ్మంది.

"సారు వచ్చేదాక దాన్ని జరపొద్దు, ముట్టొద్దు కాకా," అని సింధుజ గట్టిగా చెప్పింది.

కమిషనర్ రాక వాయిదా పడుతూ పోయింది. దర్వాజ నిలబెట్టే ముహూర్తం దగ్గరపడిందని వీరయ్య ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. మల్లేశానికి కాలు నిలవడం లేదు. అన్నం ముందు నుంచి లేచి షెడ్డులోకి పోయేవాడు. గోడ అవతల నీళ్ల చప్పుడైతే చేతిలో రంపం ఆగిపోయేది. కుళ్లిన గడపను దాటి పోయిన ప్రతిసారీ ఒంట్లో ముల్లు కదిలినట్టయ్యేది.

ఒక పొద్దున ఉండబట్టలేక ఉలి పట్టాడు. చెడినంత మేర తీసేసి, చెక్క పోగుకు పోగు కలిసేలా టేకు ముక్క అతికి, చిత్రిక పట్టి వార్నిష్ వేశాడు. జరపొద్దన్న మాట మన్నించి మళ్లీ గోడకే ఆనించాడు. తీసిన ముక్కలను స్వరాజ్యం నీళ్ల పొయ్యిలో పెట్టింది.

తర్వాతి వారం కమిషనర్ వచ్చాడు. కుళ్లిన గడపకు ముందే ఫోన్‌లో తీసిన ఫొటోలను సింధుజ చూపిస్తే, అవి ఏ కట్టెవో ఎవరికి తెలుసన్నాడు గజేందర్. కమిషనర్ వంగి గడప పొడుగునా చేత్తో రాసి చూశాడు. అతుకు ఎక్కడుందో దొరకలేదు. సింధుజ మల్లేశం వైపు చూసి తల పట్టుకుంది.

గజేందర్ నవ్వాడు. "అద్దం లెక్కుంది గదనే మల్లన్నా. మరి కేసెందుకేసినవ్? మా బాత్రూం నోటీసొచ్చినప్పటి సంది బందే ఉన్నది సారూ."

కమిషనర్ కాగితాలు సర్దుకోబోయాడు. అతను ఇట్లాగే వెళ్లిపోతే షెడ్డు పోయినట్టే. మల్లేశం ఉలి, సుత్తి తీసుకున్నాడు. చేతికి తెలిసిన చోట ఉలి మొన పెట్టాడు. రెండు దెబ్బలు సరిపోలేదు. అంత గట్టిగా కుదిరింది ఆ పని. మరో దెబ్బకు ముక్క చిట్లి లేచింది. మెరిసే వార్నిష్ కింద కొత్త చెక్క అప్పుడే నల్లబారుతోంది.

"నిన్నమొన్న ఏసిన ముక్క సారూ ఇది. ఏలు పెట్టి చూడున్రి."

కమిషనర్ వేలు పెట్టాడు. తడి వేలికి అంటింది. బంద్ ఉన్న బాత్రూంలోంచి ఈ తడి ఎట్లా వస్తోందని గజేందర్‌ను అడిగాడు.

గజేందర్ షెడ్డు బయటికి నడిచాడు. వాకిట్లో నిలబడి ఇంట్లో ఉన్న భార్యను కేకేశాడు. "వినీతా, బాత్రూం నల్ల బంద్ చెయ్. మేస్త్రీకి ఫోన్ చేస్త."

షెడ్డులో కమిషనర్ రాసుకుంటున్నాడు. మల్లేశం చిట్లిన ముక్కను చేతిలో తిప్పుతూ, వీరయ్యకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ, మూలనున్న టేకు దుంగల వైపు నడిచాడు.