బర్రె దవడ కింద వాపు

బాపు పోయిన మర్నాటి నుంచి మా ఇంటికి వచ్చినవాళ్ళు ఆయన ఫోటో ముందు కాసేపు నిలబడి, తర్వాత పెరట్లోకి వెళ్ళి బర్రె ముందు చాలాసేపు నిలబడేవాళ్ళు. బర్రె మేత ముట్టడం లేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. దవడ కింద సంచిలాగా వాపు వేలాడుతోంది. బాపుతో గనిలో పనిచేసి రిటైరైన కాక ఒకాయన ఆ వాపును వేళ్ళతో నొక్కి చూసి, దుఃఖం గొంతులో ఆగిపోయిందని తేల్చాడు. సాయంత్రానికి ఆ మాట గోదావరిఖని అంతా తిరిగింది. పక్కింటాయన ఫోనులో వీడియో తీసి గ్రూపుల్లో పెట్టాడు. మాకు ఏమీ కానివాళ్ళు నస్పూర్ నుంచి బండ్ల మీద వచ్చారు. ఒకామె బర్రెకు అరటిపళ్ళు తెచ్చింది. అది ముట్టకపోయేసరికి తృప్తిగా వెళ్ళిపోయింది.

నేను తింటున్నాను. ఏడవలేదు కూడా. మా మేనత్త అది గమనించింది.

“నీకంటే ఆ నోరులేనిదే నయం రా. దానికి బువ్వ పోతలేదు, నీకు పోతాంది.”

నాకు పోతున్న మాట నిజమే. అప్పటినుంచి రెండోసారి కూర అడగడం మానేశాను.

అసలు చిక్కు మా అమ్మతో, అంటే అవ్వతో వచ్చింది. బర్రె తినేదాకా తానూ తిననని కూర్చుంది. చాయ తాగేది, మందుబిళ్ళ వేసుకునేది, అంతే. షుగర్ ఉన్న మనిషి. ఒక మధ్యాహ్నం కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. అవ్వ నోట్లోకి ముద్ద పోవాలంటే ముందు బర్రె నోట్లోకి గడ్డి పోవాలి. ఇంట్లో ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు. రెండ్రోజులకు నాకూ కనిపించలేదు.

బాపును దవాఖానలో చేర్చకముందే బర్రె మేత తగ్గించిందని నాకు గుర్తుంది. అదే చెప్పాను. “ముందే ఎర్కైంది దానికి” అన్నాడు కాక. దాంతో దాని పేరు ఇంకా పెరిగింది.

చివరికి పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చాను. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్నావిడ. బర్రె కనురెప్ప ఎత్తి చూస్తే లోపల తెల్లగా ఉంది. పేడ తీసుకెళ్ళి పరీక్ష చేసి మర్నాడు మళ్ళీ వచ్చింది.

“దిగులు కాదండీ. కార్జంలో జలగలు పడ్డాయి” అంది.

పెరట్లో ఉన్నవాళ్ళంతా ఆమెను తప్పుమాట అన్నట్టు చూశారు. అరచెయ్యి ఆకులాగా చాపి, ఆ పురుగు ఎలా ఉంటుందో ఆమె చూపించింది. దాని గుడ్లు పేడతో పాటు నీళ్ళలో పడతాయట. పిల్లపురుగు నత్తలోకి దూరి, అక్కడ ఒకటి పదులై, బయటికి వచ్చి గడ్డికి అంటుకుంటుందట. ఆ గడ్డి మేసిన పశువు కార్జంలో కాపురం పెడుతుందట. అవ్వ అంతా శ్రద్ధగా విన్నది.

“నడుమ నత్తెందుకు? సక్కగ బర్రె కడుపులకే పోరాదా?”

“పోలేదండీ. ముందు నత్తలో ఉండి రావాల్సిందే.”

“మరి నత్త ఏమంటది?”

బదులుగా డాక్టరమ్మ, బర్రె ఎక్కడ మేస్తుందని అడిగింది.

కాక దగ్గాడు. కమాన్‌పూర్ వైపు, బొగ్గు మీది నుంచి తవ్విపోసిన మట్టి గుట్ట కింద ఒక మడుగు ఉంది. ఎండాకాలం కూడా అక్కడ గడ్డి పచ్చగా ఉంటుంది. రిటైరయ్యాక బాపు రోజూ గని సైరన్ మోగగానే, డ్యూటీకి పోయినట్టే, బర్రెను తోలుకుని అక్కడికే పోయేవాడు. దాన్ని మంచి గడ్డి ఉన్నచోటే మేపాలని ఆయన పట్టుదల. మడుగు అంచున రాళ్ళన్నిటికీ నత్తలే. నేనూ చూశాను.

దుఃఖానికి మందేమిటని అంతవరకు ఒప్పుకోని అవ్వ, కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఆయన చేసినయన్ని బతికినన్నొద్దులు నేనే సదిరిన. ఇది గూడ సదురుత. పొయ్యుండ్రి మందు.”

దుఃఖానికి మందు పోయడం తన బతుకులో చూడలేదని కాక దూరంగా నిలబడి అన్నాడు. కానీ బర్రె తల ఎత్తి పట్టడానికి ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. ఆయనే వచ్చి కొమ్ము పట్టుకున్నాడు. డాక్టరమ్మ వెళ్తూ, ఇకనుంచి ఆ మడుగు వైపు పోనివ్వొద్దని గట్టిగా చెప్పింది.

దినాల నాడు బాపు ఫోటోను కుర్చీలో పెట్టి, బంతిపూల దండ వేసి పెరట్లో ఉంచాం. ఇల్లంతా చుట్టాలు. అయ్యగారు ఏదో చదువుతుండగా బర్రె మెడ చాపి, ఫోటో మీది దండ లాక్కుని నమలడం మొదలుపెట్టింది. ఎవరూ కదలలేదు. అది చివరి పువ్వు మింగేదాకా అవ్వ చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, ఎవరినీ అడగకుండా, గిన్నెలోంచి అన్నం పెట్టుకుని పీట మీద కూర్చుంది.

బాపే తినిపించాడని కొందరన్నారు. “గింత జల్ది మరిశిపాయె” అని మేనత్త బర్రె మీద కూడా ఆశ వదులుకుంది. పక్కింటాయన గ్రూపుల్లోంచి వీడియో తీసేశాడు.

వాపు పూర్తిగా దిగాక, ఒక పొద్దున సైరన్ మోగగానే బర్రె తాడు తెంపుకునేటంత పని చేసింది. మడుగు దిక్కే దాని మూతి. నేను పరుగెత్తి తాడు పట్టుకున్నాను. అవ్వ గడపలో నిలబడి చూస్తోంది.

“అగో, ఇప్పుడు యాదికొచ్చిండు దానికి.”

దానికి యాదికొచ్చింది గడ్డి. నేను అనలేదు. తాడును చేతికి రెండు చుట్లు చుట్టి, కాళ్ళు తన్నిపట్టి నిలబడ్డాను. సైరన్ ఆగాక కూడా అది చాలాసేపు అటే లాగింది.