ఇరవై నాలుగు కుడి చేతులు

యూనిఫారాలకు వాడే మందపాటి డ్రిల్లు గుడ్డ కొత్త తాను విప్పినప్పుడు గంజి, పచ్చి రంగు, మడతల్లో ఇరుక్కున్న గోదాము తేమ అన్నీ కలిసిన ఒక వాసన వస్తుంది. మా షెడ్డులో పనిచేసే ఆడపిల్లలు ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని మరీ పీలుస్తారు. నేను మాత్రం అది తగలగానే గుమ్మం దాకా వెళ్లి నిలబడతాను. శంషాబాద్‌లో యూనిఫారాలు కుట్టే షెడ్డు నడుపుతూ గుడ్డ వాసనకు భయపడతానంటే నవ్వుతారని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. కిందటి నెల చెప్పాల్సి వచ్చింది, అదీ మా అమ్మకు.

నాకు పదకొండేళ్లున్నప్పుడు ఎయిర్‌పోర్టు ఇంకా తెరవలేదు, కానీ దాని దుమ్ము మాత్రం మా ఇంట్లోకి ఎప్పుడో వచ్చేసింది. అంతకుముందు మా ఇంటి వెనక నుంచి ద్రాక్ష తోటలు మొదలయ్యేవి. పండ్ల కాలంలో పిట్టలను తోలడానికి పొద్దుటి నుంచి డబ్బాలు మోగేవి. తోట పక్కగా బడికి పోతే రాలిన పండ్లతో గౌను జేబులు తడిసి, ఇంటికొచ్చాక వీపు మోగేది. అమ్మ ఆ తోటల్లోనే గుత్తులు కోసేది, బాపు కాపలా ఉండేవాడు. ఒక వేసవిలో తీగలను నిలిపే రాతి కడీలు పీకేశారు, తీగల ఇనుప వైర్లు చుట్టలు చుట్టి లారీలకెత్తారు, ఎర్రమట్టి మీద రోజంతా పెద్ద పెద్ద బండ్లు తిరగడం మొదలుపెట్టాయి. బాపు పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడో తిరిగి మధ్యాహ్నానికల్లా వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. అమ్మ వారం రోజులు కంకర మోయడానికి పోయి, ఎనిమిదో రోజు మెడ తిప్పలేక మంచం మీద పడుకుండిపోయింది.

అప్పుడు మైమూన్ చిన్నమ్మ వచ్చింది. మా గోడకు అవతలి ఇల్లు వాళ్లది. వాళ్ల నాన్న జల్‌పల్లిలో దర్జీ. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని కత్తిరింపు నేర్చుకున్న మనిషి, పెళ్లై వస్తూ ఆయన ఇత్తడి పిడి కత్తెర కూడా తెచ్చుకుంది. మనిషిని ఒక్కసారి పై నుంచి కింది దాకా చూసి భుజం కొలత చెప్పేది, టేపు పెడితే అంతే వచ్చేది. అమ్మకు కుట్టు వచ్చు, చిన్నమ్మకు కత్తిరింపు వచ్చు. ఇద్దరూ కలిసి పాత మిషన్ ఒకటి తెచ్చి మా ముందు గదిలో పెట్టారు. జాకెట్లు, లంగాలు, బడి బట్టలు కుట్టేవాళ్లు. రోడ్డు మీద ఒక షట్టరు తీసుకుని, మీద ఇద్దరి పేర్లతో బోర్డు పెట్టాలని వాళ్ల కోరిక. ఎవరి పేరు ముందుండాలని తెగ పోట్లాడుకునేవాళ్లు, ఒకరి పేరు ఒకరు ముందుకు తోస్తూ.

క్రిస్మస్‌కు రెండు వారాల ముందు రాజేంద్రనగర్ నుంచి ఒక మేడం వచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం వాళ్లది. తెరవబోయే ఎయిర్‌పోర్టులో ఊడ్చి తుడిచే ఆడవాళ్లను పనికి పెట్టే కాంట్రాక్టరు దగ్గర ఆమె సూపర్‌వైజరు. చీర మీద వేసుకునే నీలం చొక్కాలు ముప్పై కావాలంది.

“చూడండమ్మా, ఇవి బాగుంటే మిగతావన్నీ మీకే ఇస్తాం, బాగోకపోతే సిటీలో ఇచ్చేస్తాం. గుడ్డ సరిగ్గా సరిపోయేట్టు తెచ్చాను, మళ్లీ అడగొద్దు. సోమవారం పొద్దున్నే వస్తాను” అని గుడ్డ తాను దింపించి వెళ్లిపోయింది. ఆమె కారు మలుపు తిరిగే దాకా ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. ఈ పని పోతే మళ్లీ కంకర తట్టేనని అమ్మ పైకి అనలేదు, కానీ ఆ వారమంతా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

మామూలుగా అయితే నాకు ఏడాదిలో అంత మంచి రోజులు వేరే లేవు. డిసెంబరు చలికి హిమాయత్ సాగర్ వైపు నుంచి వచ్చే గాలి చెవులు కొరికేది, పొద్దున్నే జొన్నరొట్టె మీద ఎర్రకారం, నూనె వేసుకుని పొయ్యి ముందు కూర్చుని తినేవాళ్లం, వీధిలో ఆడవాళ్లంతా ఒకచోట చేరి గరిజెలు, అదే కజ్జికాయలు, చేస్తుంటే పిల్లలం కొబ్బరి, పుట్నాల పొడి దొంగిలించి బుగ్గన పెట్టుకునేవాళ్లం, పాత క్యాలెండర్ కాగితాలతో నక్షత్రాలు చేసి గుమ్మాలకు కట్టేవాళ్లం. ఆ ఏడాది చర్చి నాటకంలో నాకు దేవదూత వేషం ఇచ్చారు. అట్టముక్కలతో రెక్కలు కూడా చేశారు. నా ప్రాణమంతా ఆ రెక్కల మీదే ఉంది.

ఇంట్లో నా పని గుడ్డ పరచడం. చొక్కా ఒళ్లు కోశాక చేతుల కోసం అరవై పట్టీలు మిగిలాయి. వాటిని పదేసి చొప్పున ఆరు కట్టలుగా పేర్చాలి. డ్రిల్లు గుడ్డకు ఒకవైపు ముఖం, దాని మీద ఏటవాలు గీతలుంటాయి, రెండోవైపు వెలిసినట్టుంటుంది. పట్టీలను జంటలుగా, ముఖానికి ముఖం ఆనించి పేర్చి కోస్తేనే ఒకటి ఎడమ చెయ్యి, ఒకటి కుడి చెయ్యి వస్తాయి. “దోస్తులు ముచ్చట వెట్టుకున్నట్టు ఎదురెదురు ఉండాలె బిడ్డా” అని చిన్నమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

శుక్రవారం సాయంత్రం చర్చిలో రిహార్సలు. బయట పిల్లలు నన్ను పిలుస్తున్నారు. జంటలు తిప్పుతూ పేర్చడానికి ఓపిక లేక అన్ని పట్టీలనూ ఒకేవైపు తిరగేసి పేర్చేశాను. పేర్చాక భయమేసింది. చిన్నమ్మ కోసేముందు పై అంచు ఎత్తి చూస్తుందని నాకు తెలుసు. అందుకని ప్రతి కట్టలోనూ పైన ఉన్న ఒక్క పట్టీని మాత్రం తిప్పి పెట్టాను. ఇది నేను మరచిపోయి చేసింది కాదు, చేతకాక చేసింది కాదు. తెలిసి చేశాను. చేసి, రెక్కలు కట్టుకుని చర్చికి పరుగెత్తాను.

చిన్నమ్మ అంచు ఎత్తి చూసింది, ముఖాలు కలిసే ఉన్నాయి, కోసేసింది.

శనివారం మధ్యాహ్నం అన్నాలు తిని అమ్మ చేతులు అతకడానికి కూర్చుంది. ఆరు చొక్కాల దాకా మిషన్ బాగానే నడిచింది. తర్వాత ఆగింది. అమ్మ కట్టలు విప్పి ఒక్కొక్కటే నేల మీద పరచడం మొదలుపెట్టింది, నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ముప్పై కుడి చేతులుండాల్సింది, అప్పటికే అతికేసిన ఆరే ఉన్నాయి. మిగతావన్నీ ఎడమవే.

“ఏంది మైమూనా గిది? కుడి చేతులు ఏవి?” అమ్మ గొంతు నేనెప్పుడూ విననట్టుంది. “కత్తెర నీ చేతుల వెట్టి నేను కండ్లు మూసుకున్న. గింత పని జేస్తవా? ఎల్లుండి ఆమె వస్తె ఏం జూపియ్యాలె?”

చిన్నమ్మ ఒక పట్టీని తిప్పి చూసింది, ఇంకోటి తిప్పి చూసింది. కుడివి ఆరే, కట్టలూ ఆరే. ప్రతి కట్టలో పైన ఉన్న ఒక్కటే తిప్పి పెట్టి ఉందని ఆమెకు అర్థమైంది. తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపో ఉండలేదు. ఇప్పుడు చెప్పేస్తుంది, అమ్మ నన్ను చంపేస్తుంది అనుకున్నాను.

“గల్తీ నాదే అక్కా” అంది. “మీద మీద జూసిన. ఇగ ఏడిస్తె గుడ్డ వస్తదా? జర సోచాయించనీయ్, ఏమన్న తొవ్వ దొర్కుతదేమో.”

అమ్మ ఏడుస్తూనే ఉంది. చిన్నమ్మ గోడకానుకుని కోసిన ఎడమ చేతి గుడ్డను చొక్కా కుడి భుజానికి పెట్టి చూసింది. వెనక గుడ్డ చాలదు, చెయ్యి ముందుకు చాపితే పట్టేస్తుంది. ఆ ఊడ్చేవాళ్లు రోజంతా చెయ్యి చాపాల్సిన వాళ్లే. చాలాసేపటికి లేచి, పాత కుర్తాలకు వాళ్ల నాన్న చంక కింద నలుచదరంగా ఒక పలక ముక్క వేసేవాడని చెప్పింది. ఆ ముక్క పడితే కొరత తీరుతుంది. అయితే ఇరవై నాలుగు చొక్కాలకు వేసి ఆరింటిని వదిలేస్తే దొరికిపోతాం కాబట్టి ముప్పైకీ, రెండు చంకలకూ వేయాలంది. చిన్న ముక్కలన్నీ ఏరాం. బొమ్మకు బట్టలు కుడదామని నేను దాచుకున్న నీలం ముక్కలు కూడా తెచ్చి ఇచ్చాను. చిన్నమ్మ వాటిని కూడా కొలిచి కుప్పలో వేసుకుంది. ఆదివారం ఆరాధనకు కూడా పోకుండా అమ్మ కుట్టింది, మా ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి.

సోమవారం మేడం తనతో ఆ ఊడ్చే ఆడవాళ్లలో ఒకామెను తీసుకొచ్చి చొక్కా తొడిగించింది. “చేతులు పైకెత్తమ్మా” అంది. ఆమె ఎత్తింది. మేడం దగ్గరికొచ్చి చంకలో వేలు పెట్టి చూసింది. “ఇదేంటి, ఇక్కడ అతుకు?”

చిన్నమ్మే అంది: “పై అద్దాలు తుడిచేటప్పుడు చినగకుండ మేడం.”

మేడం ఆ మనిషిని వంగమంది, ఊడ్చినట్టు చేయమంది, రెండు మూడు చొక్కాలు తిరగేసి కుట్లు లాగి చూసింది. “బాగుంది. మిగతావాటికి కూడా ఇలాగే వేయండి” అని చెప్పి కారెక్కింది.

ఇక్కడితో అయిపోతే నేనివాళ ఇది రాసేదాన్ని కాదు. పండుగ మర్నాడు చిన్నమ్మ మా ఇంట్లో కూర్చుని గరిజె తింటుంటే అమ్మ తలెత్తకుండా అంది: “మైమూనా, ఏమనుకోకు. ఇగ కటింగ్ నేనే జేస్త. మల్ల గసొంటిది అయితె మనం ఆగమైతం. నువ్వు కాజాలు, బొత్తాలు జూస్కో.”

చిన్నమ్మ చేతిలోని గరిజెను పళ్లెంలో పెట్టింది. “సరే తీ అక్కా” అని, కత్తెర తీసి అమ్మ పక్కన పెట్టింది. అది వాళ్ల నాన్న కత్తెర. నేను అక్కడే ఉన్నాను. నా నోరు నిండా కొబ్బరి ఉందని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, నోట్లో కొబ్బరి మింగడానికి ఎంతసేపు పడుతుంది?

షట్టరు వచ్చింది. బోర్డు మీద అమ్మ పేరొక్కటే పడింది. తర్వాత ఈ షెడ్డు వచ్చింది, మిషన్లు వచ్చాయి. కంటితోనే కొలత చెప్పగలిగిన మనిషి కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టింది. మొదట దెబ్బలకు భయపడి చెప్పలేదు, తర్వాత మంచిపిల్లనన్న పేరు పోతుందని చెప్పలేదు, ఆ తర్వాత చెప్పకపోవడమే అలవాటైంది. నేను కాలేజీకి పోయే రోజుల్లో ఒకసారి “గ్రేసీ, సూదిల దారం ఎక్కియ్యి బిడ్డా, కండ్లు ఆనుతలేవు” అని పిలిచింది. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. దారం ఎక్కించి ఇచ్చి వచ్చేశాను.

మైమూన్ చిన్నమ్మ రెండేళ్ల కిందట పోయింది. ద్రాక్ష తోటలున్న చోట ఇప్పుడు కార్లు నిలబెట్టుకునే స్థలాలు, హోటళ్లు ఉన్నాయి. మా వీధిలో కలిసి గరిజెలు చేసేవాళ్లు లేరు, అందరూ స్వీటు షాపులోనే కొంటున్నారు. మేమున్న ఆ రెండిళ్ల మధ్య గోడను రోడ్డు వెడల్పులో కొట్టేశారు. అమ్మ మాత్రం కొత్తగా పనిలో చేరిన ప్రతి పిల్లకూ ఆ చొక్కాల కథ నవ్వుతూ చెబుతుంది, “మా మైమూన్ ఒకపారి జూసుకోక ఎంత పని జేసిందో తెల్సా” అని మొదలుపెట్టి. అది మొదలవగానే నేను ఏదో పని ఉందని బయటికి పోతాను.

కిందటి నెల పోలేదు. పిల్లలు వెళ్లిపోయాక అమ్మ పక్కన కూర్చుని, పట్టీలు ఎలా పేర్చానో, పైన ఒక్కటి ఎందుకు తిప్పానో చెప్పాను. అమ్మ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

“ఆమెకు తెల్సా, నువ్వే అని?”

“తెలుసు. ఆ రోజే తెలుసు.”

అమ్మ కిటికీ వైపు చూసింది. అక్కడిప్పుడు వేరే అమ్మాయి కూర్చుంటుంది.

“అయితె పద్నాలుగేండ్లు నన్నొక్క మాట అనకుండ కాజాలు కుట్టిందా?”

“అవునమ్మా” అన్నాను.