బ్యాండు కోటులో టెస్టింగ్ ఇంజనీరు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకం నన్ను చూడకపోవడానికి కారణం నా చొక్కాయేనని. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి హైటెక్ సిటీలో దిగే గుంపులో నేనూ ఒక లేత నీలం చొక్కాను. పేరుకు టెస్టింగ్ ఇంజనీరును, చేతిలో పని మాత్రం లేదు. ప్రాజెక్టు దొరకనివాణ్ణి మా కంపెనీలో ‘బెంచి మీద ఉన్నాడు’ అంటారు. (కూర్చోవడానికి నిజంగా బెంచి కూడా ఉండేది కాదు, క్యాంటీన్ కుర్చీలే గతి.) అలా రెండు నెలలు గడిచాయి. మూడో నెల కూడా అలాగే గడిస్తే రాజీనామా రాసిమ్మంటారని అందరికీ తెలుసు. మా మేనేజరైతే నేను ఎదురుపడినప్పుడల్లా "కొత్తగా చేరారా?" అని ఎంతో మర్యాదగా అడిగేవాడు.

ఆ దిగులులో ఒక ఆదివారం పాతబస్తీలో మ్యూజియం చూడటానికి వెళ్లాను. అప్పట్లో నా ఇయర్‌ఫోన్లలో ఎప్పుడూ బాకాల సంగీతమే మోగుతుండేది, బహుశా అందుకేనేమో, నిజాం కాలపు సైనిక బ్యాండు ఫొటో ఒకటి నన్ను కట్టిపడేసింది. అందులో బాకా పట్టుకున్న సిపాయి కోటుకు భుజాల మీద జరీ తాళ్లు, ఛాతీ మీద రెండు వరుసల ఇత్తడి గుండీలు. వాడు పోయి ఎన్నేళ్లయిందో గానీ ఇంకా అందరికీ కనిపిస్తున్నాడు, నేను బతికుండీ ఎవరికీ కనిపించడం లేదు అనిపించింది. అక్కడినుంచి నేరుగా చార్మినార్ వెనక పాతబట్టల దుకాణాలకు వెళ్లి, దాదాపు అలాంటిదే ఒక ఎర్రకోటు వెతికి పట్టుకున్నాను. నడుము దగ్గర బిగించమని ఇస్తే లింగంపల్లి దర్జీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ బ్యాండ్ల వాయిస్తరు సార్?" అన్నాడు. నర్సు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మా అమ్మ, "ఏరా, పెళ్లి ఎవరిది?" అంది. ఇది చరిత్రమ్మా అన్నాను. "చరిత్రయితే బీరువాలో పెట్టు. చర్చికి మాత్రం వేసుకురాకు, పాస్టరు గారు పాట మధ్యలో ఆపేస్తారు."

ఆ వారమే ఒక విదేశీ క్లయింటు బృందం వస్తోందని, పదిన్నరకు వాళ్లు నన్ను ఇంటర్వ్యూ చేస్తారని మెయిల్ వచ్చింది. నాకది ఆఖరి అవకాశం. బుద్ధున్నవాడెవడైనా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తాడు. నేను ఎర్రకోటు వేసుకున్నాను. మెడలో నీలం తాడు దానికి నప్పలేదని ఐడీ కార్డు ఇంట్లోనే వదిలేశాను కూడా.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్ను చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు. "బ్యాండోళ్లు గిట్ల గాదు, ఎన్క గేటుకు పోవాలె."

"నేను ఇక్కడ ఇంజనీర్నండీ."

"కార్డేది?"

"ఇంట్లో మర్చిపోయాను."

"అవ్, అందరి కార్డులు ఇంట్లనే ఉంటయ్. పో పో, సార్లు ఒచ్చే టైమయింది."

మేనేజరుకు ఏడుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. చేసేది లేక వెనక గేటుకు పరుగెత్తాను. అతిథులకు స్వాగతం పలకడానికి పిలిపించిన పెళ్లి బ్యాండు అక్కడ నిలబడి ఉంది. అందరివీ ఎర్రకోట్లే. జాబితాలో ఎనిమిది మంది, వచ్చినవాళ్లు ఏడుగురు. నా గోడు విన్న ముసలి బ్యాండు మాస్టరు, "ఫికర్ జెయ్యకు బిడ్డా, మాతోని లోపటికి రా" అని నా చేతుల్లో రెండు పెద్ద ఇత్తడి తాళాలు పెట్టాడు. "కొట్టకు. కొట్టినట్టు జెయ్యి, సాలు."

లోపలికి వెళ్లగానే జారుకుందామనుకున్నాను. ఈలోపే కార్లు వచ్చేశాయి. ద్వారం దగ్గర మమ్మల్ని వరసగా నిలబెట్టారు. వాయిద్యం ఆగింది. ఒక తెల్లదొరసాని బొట్టు పెట్టించుకోవడానికి వంగింది. ఆ నిశ్శబ్దంలో చెమట పట్టిన నా చేతిలోంచి ఒక తాళం జారబోయింది, పట్టుకోబోయి రెండోదానితో ఫెడేల్మని కొట్టాను. దొరసాని ఉలిక్కిపడింది, కుంకుమ ముక్కు చివరిదాకా గీతలా సాగింది. మేనేజరు రెండడుగుల దూరంలో నిలబడి సూటిగా నా ముఖంలోకి చూశాడు. అయిపోయింది, గుర్తుపట్టాడు అనుకున్నాను. ఆయన మాస్టరు వైపు తిరిగి, "మీ వాడికి కొంచెం చెప్పండయ్యా" అని లోపలికి వెళ్లిపోయాడు.

అతిథులంతా లోపలికి వెళ్లేదాకా మమ్మల్ని వరసలోంచి కదలనివ్వలేదు. కోటు విప్పి చంకలో పెట్టుకుని, తడిసిన చొక్కాతో ఇంటర్వ్యూ గదికి చేరేసరికి పదకొండు దాటింది. నా బదులు ఇంకెవరో అమ్మాయిని తీసుకున్నారు. "ఎక్కడికెళ్లిపోయారండీ?" అన్నాడు మేనేజరు. గేటు దగ్గరే ఉన్నానని మాత్రం చెప్పగలిగాను. ఆ నెలాఖరుకు రాజీనామా రాసిచ్చాను.

ఇంటర్వ్యూ పోయిన ఆ మధ్యాహ్నం నాకు ఇంటికి వెళ్లే ధైర్యం లేకపోయింది. వెనక గేటు దగ్గర బ్యాండువాళ్లు బిర్యానీ తింటున్నారు. మాస్టరు ఒక పొట్లం నా వైపు జరిపాడు. ఒక ముద్ద తినేసరికి ఏడుపొచ్చేసింది. "నా ముఖం చూసి కూడా గుర్తుపట్టలేదు" అన్నాను.

"గీ కోటు ఏస్కున్నోని మొకం ఎవ్వరు జూడరు బిడ్డా" అన్నాడాయన ఎముక పక్కన పెడుతూ. "నలభై ఏండ్ల సంది ఏస్కుంటున్న, నాకు ఎరుక. ఓసారి మా అల్లుని దోస్తు పెండ్లిల గంటసేపు వాయించిన. అల్లుడు ముంగటనే ఆడుతుండె. నన్ను జూడనే లేదు."

మిగతావాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. నలుగురికీ కనిపించాలని ఊరంతా వెతికి నేను కొనుక్కున్న కోటునే, వాళ్లు ఎవరికీ కనిపించకుండా బతుకంతా తొడుక్కుంటున్నారు. వెళ్లేటప్పుడు దాన్ని ఆయనకే ఇచ్చేశాను. ఆయన జరీ తాళ్లు తడిమి చూసి, "మా కోట్ల కన్న గిదే జర మంచిగుంది" అన్నాడు. నా బట్టలను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇప్పుడు కోకాపేటలో వేరే ఉద్యోగం. మొన్న ఆఫీసు లిఫ్టు ఎక్కి తలెత్తితే, అద్దంలో పదిమంది లేత నీలం చొక్కాలవాళ్లు కనిపించారు. అందులో నేనెవరో ఒక క్షణం పాటు నిజంగానే తెలియలేదు. తర్వాత, వాళ్లలో ఒకడు మాత్రం తనలో తాను ఏదో తల్చుకుని నవ్వుతుంటే, ఆ బట్టతల నాదేనని పోల్చుకున్నాను.