బల్ల కింద వైర్లు

సోల్డరింగ్ కడ్డీ కొనను పేస్టు డబ్బాలో ముంచగానే చుయ్యిమని లేచే పొగకు ఒక వాసన ఉంటుంది. కాస్త తియ్యగా, కాస్త ఘాటుగా, ముక్కులోంచి గొంతులోకి దిగే వాసన. అనంతపురంలో బళ్ళారి రోడ్డు మీద నేను నడిపే మోటారు వైండింగ్ షాపులో ఆ వాసన లేని రోజు ఉండదు. బోరుబావుల్లో కాలిపోయిన మోటార్లు వస్తూనే ఉంటాయి, నేను పాత తీగ పీకి కొత్తది చుడుతూనే ఉంటాను. రోజంతా పీలుస్తాను కాబట్టి దాన్ని పట్టించుకోను. ఎప్పుడైనా వెంట్రుకంత సన్నటి తీగను అతకాల్సి వచ్చి, ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు మాత్రం దేవదానం సార్ నా భుజం వెనక నిలబడినట్టే ఉంటుంది. "పట్టాను కాల్చప్పా, సీసాన్ని కాదు. పట్టా కాగితే సీసం దానంతటదే పారతాది" అనేవారాయన, బొమ్మ రైలు పట్టాలకు నేను వైర్లు అతికేటప్పుడు.

ఆయన రైల్వేలో సిగ్నళ్ళ మరమ్మతు పని చేసి రిటైరయినవారు. భార్య పోయాక స్టేషన్ వెనక వీధిలో ఒక్కరే ఉండేవారు. పన్నెండేళ్ళ కిందట కాలిపోయిన ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను తువ్వాలులో చుట్టుకొని మా షాపుకు వచ్చారు. అంత చిన్నదాన్ని దేనికి వాడతారో నాకు అర్థం కాలేదు. "దీంతో నా రైలు నడస్తాది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "ఆదివారం ఇంటికి రా. చూసినాక నవ్వుకో" అని వెళ్ళిపోయారు. ఆ ఆదివారం వెళ్ళాను. ముందు గది మొత్తం ఒకే బల్ల. దాని మీద ఆయన వయసులో ఉన్నప్పుడు పనిచేసిన చిన్న స్టేషన్. జానెడు ప్లాట్‌ఫారం, ఒక గుండ్ల కొండ, దాని కింద చెరువు, వీటన్నిటినీ చుట్టి వచ్చే రైలు పట్టాలు. ఆ పట్టాల మధ్య వెడల్పు నా రెండు వేళ్ళంత కూడా లేదు. ఇంజను మాత్రం కొన్నది కాదు, ఇత్తడి రేకును కత్తిరించి, మడిచి, అతికి ఏడాది పాటు ఆయన చేత్తో చేసుకున్నది. నేను బాగుచేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను తగిలించగానే అది కదిలింది. స్టేషన్ దగ్గర చురుగ్గా పోయి, చెరువు దగ్గరికి వచ్చేసరికి నీరసపడింది. "ఎందుకంటావు?" అన్నారు. కరెంటు ఒక్కచోటే ఇస్తున్నారు, దూరం పోయేకొద్దీ తగ్గిపోతోంది, అడుగడుగుకూ కింది నుంచి వైరు ఇవ్వాలి అన్నాను. ఆయన ఒక చాప తెచ్చి బల్ల కింద పరిచారు.

ఆ చాప మీద వెల్లకిలా పడుకొని దాదాపు ఏడాది ఆదివారాలు గడిపాను. బయటి పట్టాకు ఎర్ర వైరు, లోపలి పట్టాకు నల్ల వైరు. ప్రతి వైరుకూ ఒక చీటీ. అప్పటికి పదేళ్ళుగా పని చేస్తున్నాను కాబట్టి నాకంతా వచ్చనుకునేవాణ్ణి. నేను అతికిన అతుకులు ఆయన గోటితో తట్టి చూసి, నచ్చకపోతే ఊడబీకి మళ్ళీ అతకమనేవారు. ఒకసారి విసుగొచ్చి, బల్ల కిందికి ఎవరొచ్చి చూస్తారు సార్ అన్నాను. "పైన చూసేవానికి రైలు కనపడితే సాలు. కింద చూసేవానికి ఏ వైరు యాడికి పోతాందో కనపడాల. ఆ చూసేవాడు మనం సచ్చినాక వచ్చినా సరే" అన్నారు. అదే రోజు సాయంత్రం నా అతుకులన్నీ చూసి, "బాగుండాది నారాయణా" అన్నారు. మా నాయన ఏనాడూ నా పనిని ఆ మాట అనలేదు. నాకు పని నేర్పిన మేస్త్రీ అనలేదు. ఇంటికి నడిచిపోతూ ఆ మాటను ఎన్నిసార్లు లోపల అనుకున్నానో. ఇంకోసారి అనిపించుకోవాలని బల్ల మీది పని కూడా మీదేసుకున్నాను. బెంగళూరు నుంచి తెప్పించిన పచ్చగడ్డి షీటును కత్తిరించి కొండ చుట్టూ, చెరువు గట్టున రెండు నెలలు అతికించాను. పచ్చగా, తివాచీ పరిచినట్టు వచ్చింది. ఆయన చూసి తల ఊపారే గానీ నేను ఎదురుచూసిన మాట అనలేదు.

ఆ రోజుల్లోనే ఆయన ఇంట్లో వంటకు ఓబుళమ్మ కుదిరింది. బెళుగుప్ప పక్క ఒక పల్లె నుంచి వచ్చింది. చిన్నప్పటి నుంచి వేరుశెనగ చేలల్లో కూలికి పోయిన మనిషి, వానలు లేక పట్నం చేరింది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. ఒకరోజు టీ గ్లాసులు పట్టుకొని వచ్చి బల్ల దగ్గర చాలాసేపు నిలబడింది. "ఇది యా ఊరు సార్?" అంది. మన పక్కదే అన్నారాయన. "మన పక్క ఇంత పచ్చ యాడుండాది? గుండ్ల మింద గడ్డి మొలుస్తాదా?" అంది. నేను గ్లాసు కింద పెట్టేశాను. సార్ మాత్రం కుర్చీలోంచి లేచి, "మరెట్లుండాల?" అని అడిగారు. ఆమె మరుసటి వారం ఊరికి పోయి వస్తూ మూడు సంచులు తెచ్చింది. ఒకదాంట్లో ఎర్రమట్టి, ఒకదాంట్లో సన్నరాళ్ళ గరుసు, ఒకదాంట్లో ఎండిన వెంపలి పుల్లలు, వేరుశెనగ పొట్టు. పాత చీర గుడ్డలో మట్టిని జల్లించి, చిటికెడు తీసి నా పచ్చగడ్డి మీద ఒక మూల చల్లి చూపించింది. సార్ ఆ మూలను చూస్తూ ఉండిపోయారు. తర్వాత నావైపు తిరిగి, "ఆ షీటు పీకేయప్పా" అన్నారు. రెండు నెలలు అతికినదాన్ని ఒక పూటలో నా చేతులతోనే పీకాను.

ఆ తర్వాత ఆమె చేతిలో ఆ బల్ల మారిపోయింది. వెంపలి పుల్లలు తుమ్మచెట్లయ్యాయి. పొట్టు నూరి చల్లితే కోత అయిపోయిన చేను వచ్చింది. చెరువులో నీళ్ళు వద్దని చెప్పి, నెర్రెలిచ్చిన బురద చేసి, నడుమ ఒక్క చోట మాత్రం తడి మెరిసేలా వార్నిష్ పూసింది. సార్ వంగి చూసి, "ఓబుళమ్మా, ఇది మా స్టేషనేనమ్మా. గాలి గూడా కొడతాండాది" అన్నారు. నాకు ఏడాదికి ఒక్కసారి దొరికిన మాట ఆమెకు రోజూ దొరికేది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ కొండ దగ్గర వంగి, చెరువు దగ్గర వంగి ఎవరు చేశారని అడిగేవారు. ఇంకొంచెం కిందికి వంగినవాళ్ళు లేరు. నేను బల్ల కింద పడుకొని పైనుంచి వినిపించే ఆ మెచ్చుకోళ్ళు వింటూ ఉండేవాణ్ణి. మట్టి పట్టాల మీద పడుతోందని, దుమ్ముకు ఇంజను ఆగిపోతుందని కసురుకునేవాణ్ణి. ఒకసారి ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకొని కిందికి తొంగిచూసి, "అన్నా, ఈ ఎర్ర వైరు యాడికి పోతాది?" అని అడిగింది. తెలుసుకోవాలనే అడిగిందని నాకు తెలుసు. "నీకెందుకు, నీ మట్టి నువ్వు చూసుకో" అన్నాను.

అప్పుడే దగ్గర్లోని బడి హెడ్మాస్టరు, శనివారం పిల్లల్ని తీసుకొచ్చి రైలు చూపించవచ్చా అని అడిగారు. సార్ ఆనందం చెప్పలేను. గురువారం మధ్యాహ్నం నేను వైర్లన్నీ ఒకసారి చూద్దామని వెళ్ళాను. సార్ నిద్రపోతున్నారు. ఓబుళమ్మ చెరువు పక్క పట్టాల మధ్య కంకర పరిచి, అది కదలకుండా నీళ్ళలో కలిపిన తెల్ల జిగురు పోసి, వంటింట్లోకి వెళ్ళింది. రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళే చోట అటూ ఇటూ కదిలే సన్నటి పట్టాలుంటాయి. పాయింట్లు అంటారు. జిగురు పారి ఆ పాయింట్లలోకి దిగింది. ఆరితే అవి కదలవు. అప్పటికింకా తడిగానే ఉంది. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయేది. గుడ్డ నా చేతిలోనే ఉంది. నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "అంతా సరిగ్గా ఉండాదా అన్నా?"

"ఉండాది" అన్నాను.

శనివారం పొద్దున ముప్పై మంది పిల్లలు గోడలకు ఆనుకొని నిలబడ్డారు. సార్ ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఏ సిగ్నల్ ఎప్పుడు పడుతుందో ఒక్కొక్కటే చెప్పి రైలును వదిలారు. అది స్టేషన్ దాటింది, కొండ చుట్టూ తిరిగింది, చెరువు దగ్గరికి వచ్చింది. పాయింటు సగంలో బిగుసుకుపోయి ఉంది. ఇంజను పట్టా దిగి, బల్ల అంచు దాటి, గచ్చు మీద పడింది. ఇత్తడి పెంకు ఒకవైపు నలిగిపోయింది, ముందు చక్రాలు ఊడి ఎక్కడికో దొర్లిపోయాయి. సార్ మోకాళ్ళ మీద కూర్చొని ముక్కలు ఏరి చేతిరుమాలులో పెట్టుకున్నారు. "తప్పు నాదే పిల్లలూ. లైను చూసుకోకుండా సిగ్నల్ ఇచ్చినాను" అన్నారు. ఓబుళమ్మ తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. జిగురు తానే పోశానని, తన వల్లే పోయిందని రెండుసార్లు చెప్పింది. నేను ఊడిన చక్రం కోసం వెతుకుతున్నట్టు బల్ల కిందికి దూరాను.

మర్నాడు సార్ నన్ను పిలిచారు. రుమాలు విప్పి ముక్కలు బల్ల మీద పరిచి ఉన్నాయి.

"గురువారం నువ్వొచ్చినావు గదా" అన్నారు.

"వచ్చినా సార్."

"పాయింటు చూసినావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆయన నా ముఖం చూడకుండా, ముక్కల వైపే చూస్తున్నారు. అందుకే చెప్పగలిగాననుకుంటాను. "చూసినా సార్. తడిగానే ఉండె."

ఆయన తిట్టలేదు. తన సంగతి చెప్పారు. ఉద్యోగంలో తనతో పాటు చేరిన ఒకాయన ఉండేవాడట. పై అధికారులందరికీ ఆయన పనే నచ్చేదట. ఒక వానాకాలం ఆయన వంతు లైనులో సిగ్నల్ తీగ వదులై వేలాడటం సార్ చూశారు. చూసి, ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కి వచ్చేశారు. ప్రమాదమేమీ జరగలేదు, రైలు మాత్రం స్టేషన్ బయట రెండు గంటలు నిలబడింది. ఆయన్ను దూరం బదిలీ చేశారు. "పిల్లోల్ల చదువు నడుమ పెండ్లాం బిడ్డల్ని తీసుకోని పాయె. మళ్ళీ యాడన్నా కలుస్తాడులే, అప్పుడు చెప్తాంలే అనుకుంటి. కలవలేదు. చానా ఏండ్లకు సచ్చిపోయినాడని తెలిసె" అన్నారు. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. "నాకు చెప్పి ఏం లాభమప్పా? ఆయమ్మ వంటింట్లో ఉండాది. పో."

వంటింటి గడప దగ్గర నిలబడి చెప్పాను. ఓబుళమ్మ రాగిసంకటి కెలుకుతూ విన్నది. తెడ్డు ఆపలేదు. "నాకు నిన్ననే తెలుసులే అన్నా" అంది. "రైలు చెరువు కాడికి వస్తాంటే అందరూ రైలునే చూస్తాండారు. నువ్వొక్కడివి గోడ చూస్తాండావు." తెలిసి కూడా సార్‌తో ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు చెప్తావేమోనని చూస్తి" అంది. తర్వాత సంకటి దించి, చేతులు కడుక్కొని, "ఆ వైర్లేందో నాకు నేర్పించు. అది చాలు" అంది.

నేర్పాను. ఇక్కడితో నా అసూయ తగ్గిందని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. ఆమె మూడు నెలల్లో నాకంటే సన్నగా, నాకంటే శుభ్రంగా అతకడం నేర్చుకుంది. "నల్లపూసలు గుచ్చిన చేతులివి అన్నా, ఇది నాకు లెక్కగాదు" అనేది. ముగ్గురం కూర్చొని ఇంజనును బాగుచేశాం. నలిగిన చోట చిన్న సొట్ట మిగిలింది. సార్ దాన్ని అలాగే ఉంచమన్నారు. ఇంకో నాలుగేళ్ళు బతికారాయన. పోయే ముందు ఒక కాగితం రాసిపెట్టారు. ఆ బల్ల బడికి ఇమ్మని, దాన్ని చూసుకునే పని ఓబుళమ్మకు అప్పజెప్పమని. నా పేరు అందులో లేదు. సమాధి దగ్గర అందరూ ప్రార్థన చేస్తుంటే నేను ఆ కాగితం గురించే ఆలోచించానని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. హెడ్మాస్టరు ఒక గది ఖాళీ చేయించి బల్లను అక్కడ పెట్టించారు. ఓబుళమ్మ ఇప్పుడు ఆ బడిలో ఆయా. పిల్లలు ఆమెను రైలమ్మ అంటారు. ఎప్పుడైనా ఫోను చేస్తే వెళ్తాను. ఆమె పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని చాప మీద పడుకోబెట్టి కింది వైర్లు చూపిస్తుంటుంది. ఇవి నారాయణన్న వేసినవి అని చెబుతుంది. విని సంతోషపడాలి. పడతాను కూడా. అయినా ఆ పిల్లలు లేచి ఆమె చుట్టే చేరినప్పుడు లోపల చురుక్కుమంటుంది.

పోయిన ఎండాకాలం మా షాపుకు ఎదురుగా ఒక కుర్రాడు కొత్త వైండింగ్ షాపు తెరిచాడు. మిషను తెచ్చాడు, పని రెండు గంటల్లో చేసి ఇస్తాడు. ఇరవై ఏళ్ళుగా నా దగ్గరికి వచ్చే రైతులు రోడ్డు అవతల ఆగడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం శింగనమల వైపు రైతు ఒకాయన ఆ కుర్రాడి దగ్గర చుట్టించుకున్న మోటారును ఆటోలో పెట్టుకొని, ఒక బోల్టు కోసం నా దగ్గర ఆగాడు. బోల్టు బిగించబోతూ మూత తీసి చూశాను. లోపల ఒక అతుకుకు తొడుగు వేయలేదు. ఉత్త రాగి కనిపిస్తోంది. తడి తగిలితే కరెంటు మోటారు ఒంటికి పాకుతుంది. ఆ కుర్రాడి షాపు వైపు చూశాను. మూత పెట్టేసి పంపిస్తే, రేపు ఏదైనా జరిగితే ఊరంతా అతని పేరే చెబుతుంది. అంతా నాకు స్పష్టంగా తోచింది. అలా తోచినందుకే లేచాను. రైతును ఆటోతో సహా రోడ్డు దాటించాను. వాళ్ళ ముందు కాకుండా, కుర్రాణ్ణి పక్కకు పిలిచి చెప్పాను.

అతను మొదట ముఖం చిట్లించాడు. తర్వాత మూత తీసి చూసి తొడుగు వేశాడు. "దీంట్లో మీకేం వస్తాదన్నా?" అన్నాడు, అనుమానంగానే.

"ఆయప్ప దాన్ని తడిచేత్తో పట్టుకుంటాడు గదప్పా" అన్నాను.

రైతు ఆటో ఎక్కుతూ అతని మిషనునే మెచ్చుకున్నాడు. వచ్చే వారం వాళ్ళ తమ్ముడి మోటారు కూడా ఇక్కడికే తెస్తానన్నాడు. నేను రోడ్డు దాటి నా షాపులోకి వచ్చి కూర్చున్నాను. కడుపులో మంట పొద్దున ఎంతుందో అంతే ఉంది. దేవదానం సార్‌కు కూడా అది చివరిదాకా ఆరలేదనుకుంటాను. నేను చేసిందల్లా, అది మండుతుండగానే లేచి పోయి చెప్పి రావడం. అంతవరకు ఆయన దగ్గర నేర్చుకున్నాను.